ఆఫీసు హెల్త్ చెకప్‌లో చెప్పకుండా హెచ్‌ఐవీ టెస్ట్ చేసి, రిపోర్టు హెచ్‌ఆర్‌కి పంపారు. ఏం చేయాలి?

రాత్రి_రైలు | 4 మార్చి, రాత్రి 11:52

ఏళ్ల తరబడి ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ పోస్టు కోసమే కొత్త పేరుతో ఖాతా తెరిచాను.

నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లయింది. తెలిసిన నెలలోనే మందులు మొదలుపెట్టాను. నాలుగేళ్లుగా వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు. నా భార్యకు తెలుసు, ఆవిడకు నెగటివ్. మా ఇద్దరికీ, మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు.

[ఇక్కడి రెండు వాక్యాలు సభ్యుడి కోరికపై తొలగించాం — నిర్వాహకుడు]

పోయిన నెల ఆఫీసులో ఏటా జరిగే హెల్త్ చెకప్ పెట్టారు. షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అన్నారు. సంతకం పెట్టమన్న కాగితంలో చివర "అవసరమైన ఇతర రక్త పరీక్షలు" అని ఒక లైను ఉంది, నేను పట్టించుకోలేదు. వారం తర్వాత హెచ్‌ఆర్ మేనేజరు పిలిచి, తలుపేసి, "మీ రిపోర్టు గురించి మాట్లాడాలి" అన్నారు. ఆ రిపోర్టు అప్పటికి నేనే చూడలేదు. ఆవిడ కంప్యూటర్లో అందరి పేర్లతో ఒక ఎక్సెల్ షీటు తెరిచి ఉంది. నా వరుసలో ఒక గడికి ఎర్ర రంగు.

ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడారు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని. ప్రస్తుతానికి ఇంటి నుంచి పని చేయమన్నారు. నిన్న ఫోన్ చేసి, "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్‌లో ఏ మచ్చా లేకుండా ఇస్తాం, ఎవరికీ ఏమీ తెలియదు" అన్నారు. శుక్రవారం లోపు చెప్పాలట.

దీనికి చట్టం ఉందని విన్నాను. నా భయం వేరే. ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదే నా గురించి దండోరా వేసినట్టు అవ్వదా?

---

పాత_కౌన్సెలర్ | 5 మార్చి, ఉదయం 5:40

బాబూ, ముందు ఒక మాట. రాజీనామా రాయకు. శుక్రవారం అనేది వాళ్లు పెట్టుకున్న గడువు, నీది కాదు.

పదకొండేళ్లు ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ప్రభుత్వ కేంద్రంలో, కౌన్సెలర్‌గా కూర్చున్నాను. ఎవరికైనా పరీక్ష చేసే ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి, ఫలితం వచ్చాక మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ ఫలితం ఆ మనిషి చేతికే ఇవ్వాలి. వెంట వచ్చిన అన్నదమ్ముడు అడిగినా చెప్పేవాళ్లం కాదు, బయట కూర్చోండి అనేవాళ్లం. ఎక్సెల్ షీటులో ఎర్ర గడి అని నువ్వు రాసింది చదివి పొద్దున్నే మనసంతా పాడైంది.

మందులు మాత్రం ఒక్క పూట కూడా ఆపకు. ఇలాంటి గొడవల్లో మొదట దెబ్బ తినేది అవే. నిద్ర పట్టకపోతే, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చెయ్యి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు, పేరు చెప్పనక్కర్లేదు.

---

నిర్వాహకుడు | 5 మార్చి, ఉదయం 8:15

ఈ చర్చ వరకు ఒక నియమం. రాత్రి_రైలు గారిని ఏ ఊరు, ఏ కంపెనీ, ఏ ల్యాబు అని ఎవరూ అడగొద్దు. ప్రైవేటు సందేశాల్లో కూడా వద్దు. అడిగినవాళ్ల ఖాతా అడగకుండానే మూసేస్తాను.

---

కోర్టు_బెంచీ | 5 మార్చి, ఉదయం 9:30

రాజీనామా సంగతి కౌన్సెలర్ గారు చెప్పేశారు, నేను దాని మీద ఇంకో రెండు మేకులు కొడతాను. మీరే రాసిచ్చిన రాజీనామాను తర్వాత "బలవంతంగా రాయించుకున్నారు" అని నిరూపించాలంటే చెప్పులరిగిపోతాయి. వాళ్లే తీసేస్తే బరువు వాళ్ల నెత్తి మీద ఉంటుంది.

ఎందుకంటే 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం మూడో సెక్షన్ ఏం చెబుతుందంటే, హెచ్‌ఐవీ కారణంగా ఉద్యోగం తీసేయాలంటే యజమాని రెండు కాగితాలు మీ చేతిలో పెట్టాలి. ఒకటి, అర్హత ఉన్న స్వతంత్ర వైద్య నిపుణుడు రాసిన అంచనా: ఈ మనిషి వల్ల ఆ పనిచోట ఇతరులకు వైరస్ సోకే గట్టి ప్రమాదం ఉందనో, ఈయన ఆ పనికి పనికిరాడనో. రెండోది, చిన్నపాటి సర్దుబాట్లు చేసి ఈయన్ని కొనసాగించడం మాకు ఫలానా కారణాల వల్ల మోయలేని భారం అని యజమాని రాసిన వివరణ. వైరల్ లోడ్ కనబడని మనిషి, కుర్చీలో కూర్చుని చేసే పని. మొదటి కాగితం మీద సంతకం పెట్టే డాక్టరు దొరకడు. అందుకే మిమ్మల్నే రాయమంటున్నారు. ఆ మర్యాద వెనకున్న లెక్క అది.

అదే సెక్షన్‌లో ఇంకోటి. ఉద్యోగం ఇవ్వడానికి గానీ, ఉన్న ఉద్యోగం కొనసాగడానికి గానీ హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. ఐదో సెక్షన్ ప్రకారం మనిషికి అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్న తర్వాతే ఆ పరీక్ష చేయాలి. "ఇతర రక్త పరీక్షలు" అన్న లైను కింద సంతకం ఆ ఒప్పుకోలు కిందికి రాదు. ఇక ఎనిమిదో సెక్షన్: నమ్మకం మీద తెలిసిన హెచ్‌ఐవీ సమాచారాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. డాక్టరు, ల్యాబు లాంటి విశ్వాస సంబంధం ఉన్నచోట ఆ అనుమతి రాతలో ఉండాలి. ల్యాబు హెచ్‌ఆర్‌కి పంపడం ఒక తప్పు. హెచ్‌ఆర్ ఆ షీటును ఇంకెవరికైనా పంపి ఉంటే అది ఇంకో తప్పు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట "రక్షిత వ్యక్తి". హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే కాదు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు, ఒకప్పుడు ఉన్నవాళ్లు కూడా రక్షిత వ్యక్తులే. అంటే మీరు ఉత్తరంలో "నేను ఈ చట్టం కింద రక్షిత వ్యక్తిని" అని రాస్తే, మీకు హెచ్‌ఐవీ ఉందని ఒప్పుకున్నట్టు కాదు. మీ భార్య రాసినా అదే మాట రాయొచ్చు, ఆవిడకు నెగటివ్ అయినా సరే. మీ స్టేటస్ గురించి ఒక్క అక్షరం లేకుండా మొత్తం ఫిర్యాదు రాయొచ్చు. నేను రాసి చూపిస్తాను, సాయంత్రం సందేశం పంపుతా.

---

స్లైడు_నంబరు_7 | 5 మార్చి, మధ్యాహ్నం 1:05

ల్యాబులో పనిచేసేవాణ్ని, లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. "వైరల్ మార్కర్లు" అని ఒక ప్యాకేజీ ఉంటుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ కలిపి. ఆపరేషన్ల ముందు చేసేది. కార్పొరేట్ ప్యాకేజీలు కట్టేటప్పుడు మార్కెటింగ్ వాళ్లు పరీక్షల సంఖ్య పెద్దగా కనిపించాలని దీన్ని కూడా కలిపేస్తారు. అడిగేవాడు ఉండడు. బార్‌కోడ్ కొట్టగానే మెషిన్ తనకు చెప్పిన పరీక్షలన్నీ చేసేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు వెళ్లాల్సిన మెయిల్ అని ఒకే గడి ఉంటుంది, అందులో బిల్లు కట్టే కంపెనీ మెయిల్ పెడతారు. అంతే, అందరి రిపోర్టులూ అటే. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరూ ఆలోచించలేదు కూడా. దాన్ని వెనకేసుకు రావట్లేదు, ఎవర్ని ఏం అడగాలో మీకు తెలియాలని రాస్తున్నా. మీ శాంపిల్‌కి ఏ ఏ పరీక్షలు ఆర్డరయ్యాయి, రిపోర్టు ఏ ఏ చిరునామాలకి వెళ్లింది, ఈ రెండూ సిస్టమ్‌లో తేదీ, టైముతో సహా ఉంటాయి. రాతపూర్వకంగా అడగండి.

పదకొండో సెక్షన్ గురించి కూడా బెంచీ గారు చెప్పాలి. ఇలాంటి సమాచారం పెట్టుకునే ప్రతి సంస్థా దాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలట కదా. మాకు దాని మీద ఒక్క క్లాసు కూడా పెట్టలేదు.

---

నిజం_చేదు | 5 మార్చి, సాయంత్రం 4:20

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. పక్క సీట్లో కూర్చున్నవాడికి తెలుసుకునే హక్కు లేదా? సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, ఎయిడ్స్ ఉన్నవాడికి పెళ్లి చేసుకునే హక్కు కూడా లేదని, ఆసుపత్రి బయటపెట్టినా తప్పు లేదని. ఈ గోప్యత అంతా ఎన్జీవోల గొడవ.

---

లా_ఫైనలియర్ | 5 మార్చి, సాయంత్రం 6:48

నిజం_చేదు గారూ, మీరు సగమే చదివారు. మిగతా సగం నేను చెప్తాను, పోయిన సెమిస్టర్‌లో దీని మీదే పేపర్ రాశాను.

మీరంటున్నది 1998 నాటి ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జడ్ కేసు. ఎక్స్ స్వయంగా డాక్టరు. ఒకరికి రక్తం ఇవ్వడానికి వెళ్తే పరీక్షలో హెచ్‌ఐవీ బయటపడింది. ఆ విషయం ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి నిశ్చితార్థం అయిన పెళ్లి ఆగిపోయింది, అయినవాళ్లు వెలివేశారు. కాబోయే భార్య ప్రాణానికి ముప్పు ఉంది కాబట్టి ఆసుపత్రిది తప్పు కాదంది కోర్టు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది, అడగని పెళ్లి హక్కు గురించి కూడా మాట్లాడింది. 2002లో అదే సుప్రీంకోర్టు, పెళ్లి హక్కు మీద ఆ వ్యాఖ్యలు ఆ కేసుకి అక్కర్లేనివి అని పక్కన పెట్టేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఈ చట్టం కూడా ఆ ఏడాదిదే. 1998లోనే ఉండిపోతే ఎలా?

ఇంకా వెనక్కి వెళ్దామా? 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు, ఆయన కూడా రక్తదాతే, పాజిటివ్ అని తేలగానే పోలీసులు పట్టుకెళ్లి పాత టీబీ శానిటోరియంలో 64 రోజులు బంధించారు. అప్పటి గోవా ప్రజారోగ్య చట్టంలో అలా బంధించే వీలు రాసి ఉంది. నేరం ఏమిటంటే రక్తంలో వైరస్. "తెలుసుకునే హక్కు" అన్నది చివరికి ఎక్కడిదాకా వెళ్తుందో మన దేశం ఒకసారి చూసేసింది.

మరోవైపు 1997లో బొంబాయి హైకోర్టు, ఒక రోజుకూలీని హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో పనిలోకి తీసుకోకపోతే, పని చేసే సత్తా ఉన్నంత కాలం అలా కాదనడం చెల్లదంది. ఆయన పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కేసు పేరు ఎంఎక్స్ వర్సెస్ జడ్‌వై. రాత్రి_రైలు గారూ, మీ ప్రశ్నకు మొదటి జవాబు 1997లోనే ఇచ్చారు. అజ్ఞాతంగా కోర్టుకెక్కి గెలిచాడు ఒకాయన.

---

కోర్టు_బెంచీ | 5 మార్చి, రాత్రి 8:10

ఫైనలియర్, నీకు ఫుల్ మార్కులు. ఒక్క చేర్పు. జీవిత భాగస్వామికి చెప్పే విషయం మీద ఇప్పుడు తొమ్మిదో సెక్షన్ ఉంది. చెప్పగలిగేది డాక్టరు లేదా కౌన్సెలర్ మాత్రమే. ముందు ఆ మనిషికే నచ్చజెప్పాలి, చెప్పడని తేలాలి, నేనే చెప్పబోతున్నానని ముందుగా ఆయనకు తెలియజేయాలి, ఆ తర్వాత భాగస్వామిని ఎదురుగా కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి మరీ చెప్పాలి. చెబితే కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో గట్టి భయం ఉన్నప్పుడు, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, చెప్పకూడదు. పెళ్లాం ప్రాణం గురించి కూడా ఇంత ఆచితూచి రాసిన చట్టంలో పక్క సీటువాడికి చోటెక్కడిది?

---

లేత్_మిషన్ | 6 మార్చి, ఉదయం 7:25

నాది చిన్న ఫ్యాక్టరీ అండి, నలభై మంది పనివాళ్లు. నిజం_చేదు గారిలా మాట్లాడను గానీ, నా భయం నాకుంది. మా దగ్గర వేళ్లు తెగుతుంటాయి, ఇనుప చీరికలు గుచ్చుకుంటాయి, నెత్తురు నేల మీద పడుతుంది. రేపు నా దగ్గర ఒకడికి ఇది ఉందని తెలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందికి ఏం జవాబు చెప్పాలి? తెలియకుండా ఉండాలంటే, అసలు జాగ్రత్త ఎలా తీసుకోవాలి? తప్పు అనుకోకండి, నిజంగానే అడుగుతున్నా.

---

స్లైడు_నంబరు_7 | 6 మార్చి, ఉదయం 9:02

మంచి ప్రశ్న అండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఎవడికి ఉందో తెలుసుకుని వాడి నెత్తురుకే గ్లౌజులు వేసుకుంటే, తెలియని మిగతావాళ్ల నెత్తురు వట్టి చేతుల్తో తుడుస్తారు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు మీ నలభై మందిలో ఉండొచ్చు, అది హెచ్‌ఐవీ కంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే మా దగ్గర సూత్రం: ప్రతి నెత్తురు చుక్కకీ ఒకటే జాగ్రత్త. గ్లౌజులు, బ్లీచింగు ద్రావణం, మూత ఉన్న చెత్తడబ్బా.

నేను రోజూ ఇదే పనిలో ఉన్నా కాబట్టి ఒక లెక్క. పాజిటివ్ రక్తం ఉన్న సూది ఒకసారి గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. అది కూడా మందులు వాడని మనిషి రక్తమైతే. ఒకసారి నాకే గుచ్చుకుంది. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మందులు వాడాలి. నేను రెండు గంటల్లో మొదలుపెట్టా, ఏమీ కాలేదు. ఆ నెల రోజులు మాత్రం నాకు జ్ఞానోదయం అయింది. "పాజిటివ్ శాంపిల్" అని కేక వేసి చెప్పుకునేవాళ్లం ల్యాబులో. ఆ తర్వాత ఎప్పుడూ కేక వేయలేదు.

---

లేత్_మిషన్ | 6 మార్చి, ఉదయం 9:40

వెయ్యికి మూడా. నేనింకా గుచ్చుకుంటే ఖాయం అనుకున్నాను ఇన్నాళ్లూ. గ్లౌజుల పెట్టె తెప్పిస్తున్నా. ఈ చట్టం కింద మా దగ్గర ఫిర్యాదుల ఆఫీసరు కూడా పెట్టాలా?

---

కోర్టు_బెంచీ | 6 మార్చి, ఉదయం 11:15

వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థలే ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఆసుపత్రులు, ల్యాబుల్లాంటి వైద్య సంస్థలైతే ఇరవై మంది ఉంటే చాలు. మీకు ఆ అధికారి అక్కర్లేదు గానీ వివక్ష చూపకూడదన్న మూడో సెక్షన్ నలుగురున్న దుకాణానికైనా వర్తిస్తుంది.

---

ఇద్దరు_పిల్లల_తల్లి | 6 మార్చి, రాత్రి 10:31

తమ్ముడూ, నీ పోస్టు చదివి రాయకుండ ఉండలేకపోయిన. నాకు సెక్షన్ల నంబర్లు తెల్వయి, నా సంగతి చెప్త.

మా ఆయన పోయినంక మూడో నెలల నాకు టెస్ట్ చేసిన్రు. వార్డుల పనిచేసేటామె మా బావగారికి తెలిసిన మనిషి. నేను ఇంటికి చేరేలోపట్నే ముచ్చట ఇంటికి చేరింది. నా సామాను వాకిట్ల ఉండె. ఎవరు చెప్పిన్రు, ఎందుకు చెప్పిన్రు అని అడిగే సోయి కూడ లేదప్పుడు. చిన్నోడికి నాలుగేండ్లు.

ఆరునెలలు తల్లిగారింట్ల ఉన్న. మందుల కాడ కలిసిన ఒక అక్క చెప్పింది, ఆడవాళ్లకు వకీలు ఫ్రీగ ఇస్తరు, జిల్లా న్యాయ సేవా సంస్థకు పో అని. పోయిన. నేను మొదలడిగింది కూడ నీ ప్రశ్ననే: కోర్టుల నా పేరు పిలుస్తరా అని. ఆ వకీలమ్మ నవ్వి, పిలువరు అన్నది. కాయితాల మీద నా పేరు జాగల ఒక అక్షరం రాసిన్రు. లోపల మాట్లాడేటప్పుడు అందర్ని బయటికి పంపిన్రు. కాపురం చేసిన ఇంట్ల ఉండే హక్కు నాకు ఉన్నదని తేలింది. ఇప్పుడు ఆ ఇంట్లనే ఉంటున్న, కింది అర్ర నాది.

బావగారు ఇప్పటికి మాట్లాడడు. మాట్లాడాలని చట్టంల లేదనుకో.

---

కోర్టు_బెంచీ | 6 మార్చి, రాత్రి 11:03

అమ్మా, సెక్షన్ల నంబర్లు మా ఉద్యోగం, మీకెందుకు. మీ ఇంటి హక్కు 29వది, పేరు దాచడం 34వది. వకీలు ఫ్రీగా ఇచ్చింది 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేదు.

34 గురించి ఇంకో మాట. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, వైమానిక దళంలో పనిచేసిన ఒకాయన కేసులో తీర్పిచ్చింది. 2002లో సైనిక ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల ఆయనకు హెచ్‌ఐవీ సోకింది. పరిహారం కోటీ యాభై నాలుగు లక్షలు దాటింది. అందరూ ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు. నా దృష్టిలో అసలు సంగతి తీర్పు చివర ఉంది: దేశంలోని కోర్టులు, ట్రిబ్యునళ్లు, న్యాయ విచారణ చేసే కమిషన్లు అన్నీ 34వ సెక్షన్‌ని పాటిస్తూ పేర్లు దాచే ఏర్పాట్లు చేయాలని, ఈ చట్టం కింద వచ్చే కేసులకు ముందు వరుస ఇవ్వాలని. అంతకు రెండు నెలల ముందే అలహాబాద్ హైకోర్టు, ఒక సీఆర్‌పీఎఫ్ జవానుకి ఇదే కారణంతో పదోన్నతి ఆపడం చెల్లదంది. తుపాకీ పట్టే ఉద్యోగానికే అడ్డు రానిది ఎక్సెల్ షీట్లు చూసుకునే ఉద్యోగానికి అడ్డొస్తుందా?

---

ఎడారి_గాలి | 7 మార్చి, ఉదయం 6:12

ఇదంతా మన దేశంలో. గల్ఫ్‌లో వీసా మెడికల్‌లో పాజిటివ్ వస్తే ఏ సెక్షనూ లేదు, ఇంటికే. నా రూమ్మేటుకి ఏమైందో కూడా చెప్పలేదు, సంచీ సర్దుకోమన్నారు. ఇక్కడికి దిగాక సొంతంగా పరీక్ష చేయించుకుంటే గానీ తెలియలేదు వాడికి. అమెరికా కూడా 2010 జనవరి దాకా పాజిటివ్ ఉన్నవాళ్లని రానిచ్చేది కాదని విన్నాక నాకు కొంచెం కోపం తగ్గింది, ఎందుకో మరి.

---

మూడో_మెట్టు | 7 మార్చి, మధ్యాహ్నం 12:44

చట్టం మీద అందరూ పొగడ్తలు కురిపిస్తున్నారు, నా అనుభవం కూడా విని పోండి. ఓ ఆసుపత్రి నాకు ఆపరేషన్ చేయనంది, పాజిటివ్ అని. ఈ చట్టం కింద ఫిర్యాదులు విని తేల్చడానికి రాష్ట్రానికో ఓంబుడ్స్‌మన్ ఉండాలి కదా అని బయల్దేరాను. ఆయన ఎవరో, ఎక్కడ కూర్చుంటారో కనుక్కోవడానికే నాలుగు నెలలు పట్టింది. ఈ ఆఫీసు కాదు ఆ ఆఫీసు, ఆ ఆఫీసు కాదు పై అంతస్తు. ప్రతి గుమ్మం దగ్గరా "ఏ విషయం మీద?" అని అడిగేవారు, ప్రతి గుమ్మం దగ్గరా గట్టిగా చెప్పాల్సి వచ్చేది. గోప్యత కోసం వెళ్లి ఆరుగురికి చెప్పుకుని వచ్చాను.

---

కోర్టు_బెంచీ | 7 మార్చి, మధ్యాహ్నం 2:20

మూడో_మెట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం, దాచి లాభం లేదు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఓంబుడ్స్‌మన్ తేల్చాలి, ప్రాణం మీదికి వచ్చిన వైద్య వ్యవహారమైతే వీలైనంత వరకు 24 గంటల్లో. కాగితం మీద అలా ఉంది.

చట్టానికి పళ్లు కూడా తక్కువే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొడితే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు ఉంది. కోర్టు విచారణలో తెలిసిన స్టేటస్‌ని బయటపెడితే లక్ష దాకా జరిమానా ఉంది. ఓంబుడ్స్‌మన్ ఆదేశం పాటించకపోతే పదివేల దాకా, ఆ తర్వాత రోజుకు ఐదువేల దాకా. కానీ మామూలుగా ఒక హెచ్‌ఆర్ మేనేజరు నోరు జారితే? ఎనిమిదో సెక్షన్ ఉల్లంఘనకి విడిగా శిక్ష రాయలేదు. పైగా ఓంబుడ్స్‌మన్ అధికారం మూడో సెక్షన్ వివక్షకీ, వైద్య సేవల విషయాలకీ పరిమితం. అందుకే రాత్రి_రైలు గారి ఫిర్యాదులో "నా రహస్యం బయటపెట్టారు" అన్నది మొదటి లైను కాకూడదు. "ఉద్యోగం మానేయమంటున్నారు, పరీక్షను షరతు చేశారు" అన్నది మొదటి లైను కావాలి. అది వివక్ష, అది మూడో సెక్షన్. రహస్యం సంగతి దాని వెనక నడిచొస్తుంది, ల్యాబు వైద్య సేవ కిందికి వస్తుంది. వీధి గుమ్మం మూసి ఉంటే పెరటి గుమ్మంలోంచి వెళ్తాం, ఇల్లు ఒకటే.

గుమ్మం గుమ్మానికీ చెప్పుకోకుండా ఉండాలంటే రిజిస్టరు పోస్టులో పంపండి. కవరు మీద విషయం రాయొద్దు.

---

రాత్రి_రైలు | 8 మార్చి, రాత్రి 9:17

శుక్రవారం నిన్న. ఫోన్ నేను ఎత్తలేదు, బదులుగా బెంచీ గారు రాసిచ్చిన మెయిల్ పంపాను. ఐదు వాక్యాలు. "2017 చట్టం కింద నేను రక్షిత వ్యక్తిని. మన సంస్థలో ఫిర్యాదుల అధికారి ఎవరో తెలుపగలరు. ఫలానా తేదీన నా శాంపిల్‌కి ఏ పరీక్షలు, ఎవరి ఆదేశం మీద జరిగాయి, ఫలితాలు ఎవరెవరికి చేరాయి? ఇంటి నుంచి పని చేయమన్న ఆదేశం రాతలో ఇవ్వగలరు. రాజీనామా ఇచ్చే ఉద్దేశం నాకు లేదు." అంతే. మొత్తం మెయిల్‌లో హెచ్‌ఐవీ అన్న మాట చట్టం పేరులో కూడా రాకుండా సర్దాడాయన.

పంపాక చేతులు వణికాయి. నా భార్య ఫోన్ తీసేసుకుని తన దగ్గర పెట్టుకుంది.

---

పాత_కౌన్సెలర్ | 8 మార్చి, రాత్రి 9:50

రాత్రి మాత్ర వేసుకున్నావా?

---

రాత్రి_రైలు | 8 మార్చి, రాత్రి 9:53

వేసుకున్నానండి.

---

నిజం_చేదు | 9 మార్చి, ఉదయం 10:05

[కోట్ చేసిన భాగం తొలగించాం — నిర్వాహకుడు] అని మీరే రాశారు కదా, అలాంటి విభాగంలో ఎంతమంది ఉంటారు, మీరెవరో ఇట్టే తెలిసిపోతుంది. చట్టం కంటే ముందు మీరే జాగ్రత్తపడాలి. ఇది ఎగతాళి కాదు.

---

రాత్రి_రైలు | 17 ఏప్రిల్, రాత్రి 10:26

ఆలస్యానికి క్షమించండి. ఇప్పటిదాకా జరిగింది చెప్తాను.

మెయిల్ పంపిన మూడో రోజు హెచ్‌ఆర్ కాదు, కంపెనీ లాయరు ఫోన్ చేశాడు. గొంతు మారింది. "పొరపాటు అవగాహన" అన్నాడు. నేను బెంచీ గారు చెప్పినట్టే ఫోన్లో ఏమీ మాట్లాడకుండా రాతలో పంపమన్నాను. ఓంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు రాసి సిద్ధంగా ఉంచాను, పంపే అవసరం రాలేదు. మార్చి చివర్లో ఆఫీసుకి రమ్మని ఉత్తరం వచ్చింది. అదే సీటు, అదే పని. ఫిర్యాదుల అధికారిగా ఒకరిని నియమించామని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ల్యాబు కాంట్రాక్టులోంచి వైరల్ మార్కర్లు తీసేశారట.

ల్యాబు నుంచి రాతపూర్వకంగా వివరాలొచ్చాయి, స్లైడు గారు చెప్పినట్టే తేదీ, టైముతో సహా. రిపోర్టు వెళ్లింది ఒకే మెయిల్‌కి. కానీ ఆ షీటును హెచ్‌ఆర్ నుంచి ఇంకో ముగ్గురికి పంపారని తర్వాత తెలిసింది. చెరిపేశామని ముగ్గురి దగ్గరా రాయించుకున్నారు. ఆ ముగ్గురెవరో నాకు చెప్పరు, అది వాళ్ల గోప్యత అట! లిఫ్టులో ఎవరైనా కాస్త ఎక్కువసేపు చూస్తే, వీడేనా అనుకుంటున్నాను. దీనికి మాత్రం బెంచీ గారి దగ్గర కూడా సెక్షన్ లేదు.

---

ఇద్దరు_పిల్లల_తల్లి | 18 ఏప్రిల్, ఉదయం 6:50

ఆ చూపులు కొన్నొద్దులు ఉంటయి తమ్ముడూ. నాకు ఏడాదిన్నర పట్టింది. తర్వాత చూసెటోళ్లు అలిసిపోతరు.

---

రాత్రి_రైలు | 18 ఏప్రిల్, ఉదయం 8:31

నిర్వాహకుడు గారూ, ఒక విన్నపం. నా మొదటి పోస్టులో మూడో పేరాలో నా విభాగం గురించి, చేరిన సంవత్సరం గురించి రెండు వాక్యాలు రాశాను. ఆ రాత్రి ఆలోచన లేక రాసేశాను. నిజం_చేదు గారు అన్నది నిజమే. తీసేయగలరా?

---

నిర్వాహకుడు | 18 ఏప్రిల్, ఉదయం 9:04

తీసేశాను. మార్చి 9 నాటి పోస్టులో కోట్ చేసిన భాగం కూడా తీశాను. ఇంకెవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉంటే దయచేసి చెరిపేయండి.

---

నిజం_చేదు | 18 ఏప్రిల్, ఉదయం 9:20

నా దగ్గర ఒకటుంది. చెరిపేశాను.